మూడు తీగలు, తొమ్మిది దుంగలు

వాగు పొంగేలోగా కట్ట వేయాలని ఒక అడవిలో జంతువులన్నీ హడావిడి పడుతున్నాయి. దుంగలు చేరవేసే పని ఎద్దుది. పక్కకర్రలు లేని చదును బండి మీద కోతి తొమ్మిది దుంగలు పేర్చి, మూడు తీగలతో కట్టింది.

"ఒక్కో తీగ రెండు దుంగలనే ఆపుతుంది కదా?" అంది ఎద్దు.

"గట్టిగా బిగించాను మామా! పొద్దున ఇలాగే వెళ్ళావు, ఏమైనా అయిందా?"

"పొద్దున వెళ్ళింది చదును దారి. ఇది దిగుడు. కింద కుందేళ్ళ బొరియలున్నాయి."

"మబ్బు కమ్ముకొస్తోంది, పద పద!"

ఎద్దు కదిలింది. దిగుడు మొదట్లోనే వెనక తీగ కిర్రుమంది. కింద తల్లి కుందేలు పిల్లలకు గడ్డి తినిపిస్తోంది. ఎద్దు గిట్టలు నేలకు తన్నిపెట్టి ఆగిపోయింది.

"ఐదు దించు."

"మూడు తీగలకు ఆరు ఆగుతాయిగా?"

"కదలకుండా ఉంటే ఆరు. కుదుపుల్లో నమ్మలేను. దించేదాకా అడుగు వేయను."

కోతి సణుక్కుంటూనే ఐదు దించింది. బండి మళ్ళీ కదిలింది. సగం దారిలో చక్రం రాయెక్కి దబ్బున పడింది. దుంగలు ఒక్కసారిగా ముందుకు ఉరికాయి. ఒక తీగ ఫట్టున తెగింది. మిగిలిన రెండూ సాగి, వణికి, నాలుగు దుంగలనూ పట్టి ఆపాయి.

బండి బొరియల దగ్గరికి చేరింది.

"అలిసిపోయినట్టున్నారు, కాసిన్ని నీళ్ళు తాగి వెళ్ళండి," అంది తల్లి కుందేలు.

కోతి దాని పిల్లలను చూసింది. తర్వాత బండికి వేలాడుతున్న తెగిన తీగను చూసింది.