సెకండాఫ్ అంతా క్లోజప్

"ఫస్టాఫ్ బ్రహ్మాండంగా తీశావమ్మా!" అన్నాడు చానల్ ఓనరు, కుర్చీలో వెనక్కి వాలుతూ.

ఆమె నవ్వలేదు. సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. సెకండాఫ్‌లో ఏముందో ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు.

లోకల్ చానల్ వాళ్ళ ఎడిటింగ్ గది అది. ఇద్దరు పట్టే చోట నలుగురున్నారు. టీవీకి ఎదురుగా ఓనరు. పక్కన స్టూలు మీద, నడుముకి బెల్టు బిగించుకున్న ఆమె భర్త. తలుపు దగ్గర గెలిచిన జట్టు కోచ్. కాపీ ఎక్కించుకోవడానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని, పెళ్ళికొడుకు తరఫు వాడిలా హుషారుగా వచ్చాడాయన.

భర్త కెమెరామన్. చిన్నపిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ తీయాల్సిన వారంలోనే నడుం పట్టేసి మంచమెక్కాడు. ఇదొక్కటీ బాగా వస్తే సీజన్లో మిగతా మ్యాచ్‌లన్నీ నీకే అన్నాడు ఓనరు. రాకపోతే ఇంకో కుర్రాడు కెమెరా సర్దుకుని కూర్చున్నాడు.

ఎనిమిదో తరగతితో చదువాపేసినా, ఫంక్షన్లలో భర్త పక్కన నిలబడి నిలబడి కెమెరా పట్టడం వచ్చేసింది ఆమెకి. "నువ్వే వెళ్ళు" అన్నాడు. ఆమె తింటున్న కంచాన్నే ముందుకు లాక్కుని పాఠం చెప్పాడు.

"ఇది మైదానం అనుకో. మధ్యగీతకి ఎదురుగా, ఎత్తు మీద నిలబడు. బంతి ఒక్కటీ కనపడితే చాలదు, చుట్టూ ఉన్న నలుగురూ కనపడాలి. ఎవరు ఎవరికి ఇవ్వబోతున్నారో చూసేవాడికి ముందే తెలిసిపోవాలి. గోలు వెనక నుంచి తీస్తే బంతి వంపు తిరగడం అందంగానే ఉంటుంది, ఆట మాత్రం అర్థం కాదు. కింద నుంచి తీస్తే కాళ్ళ కుమ్ములాట తప్ప ఏమీ ఉండదు. మొహాలంటావా, గోలు పడ్డాకే. అర్థమైందా?"

"అయింది. మైదానం ఇటిస్తే తింటాను" అంది.

చెప్పింది చెప్పినట్టే తీసింది. ఫస్టాఫ్ వరకు. వాన వెలిసిన మైదానం మొత్తం తెర మీద కనిపించింది. బురదలో జారుతూ, లేస్తూ పిల్లలు.

"ఇక చూడండి! మా రెండు గోల్సూ సెకండాఫ్‌లోనే" అన్నాడు కోచ్, చేతులు రుద్దుకుంటూ.

విజిల్ వినిపించింది. తెర మీద మైదానం కాసేపు అటూ ఇటూ కదిలింది. తర్వాత దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. తెర నిండా ఓ పాప మొహం.

"ఎవరీ పిల్ల?"

"మా అమ్మాయేనండీ, పిచ్చుక. కోచ్‌గారి జట్టే" అన్నాడు భర్త మురిపెంగా.

"సరే, తల్లి ప్రాణం. కాసేపేలే" అని నవ్వాడు ఓనరు.

కాసేపు కాలేదు. పిచ్చుక పెదవి కొరుక్కుంది. వంగి బూటు లేసు బిగించుకుంది. మెడ సాచి అటు చూసింది, ఇటు చూసింది. కాలరు తెల్లగా మెరుస్తోంది. ఎక్కడో బంతిని తన్నిన చప్పుడు. ఒక్కసారిగా జనం కేకలు. పిచ్చుక కళ్ళు పెద్దవయ్యాయి. ఎగిరి చప్పట్లు కొట్టింది.

"గోలు పడినట్టుందే! ఏదీ?" ఓనరు ముందుకి వంగాడు.

తెర మీద పిచ్చుకే ఉంది.

"ఒక్కచోటే ఉందేంటి ఈ పిల్ల? గోల్‌కీపరా?"

"కాదండీ, డిఫెన్స్. బంతిని దాటనిస్తే ఒట్టు నాన్నా అని ఇంటికొచ్చి ఒకటే చెప్పడం." భర్త గొంతులో మురిపెం సన్నబడింది.

ఆమె చెవులు కాలిపోతున్నాయి. సమాధానం గొంతుదాకా వచ్చింది. మింగేసింది. అది చెబితే తన పరువు దక్కుతుంది, ఇంకొకరిది పోతుంది.

రెండో గోలూ చెవులకే వినపడింది.

ఓనరు రిమోట్‌ని బల్ల మీద పడేశాడు. "ఇది మ్యాచా, పుట్టినరోజు వీడియోనా? సాయంత్రానికల్లా ఊరంతా టీవీ ముందు కూర్చుంటుంది. గోల్స్ కొట్టిన పిల్లలకి అమ్మల్లేరా తల్లీ?"

ఆ మాట సూటిగా తగిలింది. నిజమే. వాళ్ళూ తెర మీద తమ పిల్ల కోసమే వెతుక్కుంటారు. అప్పుడీ సంగతి తట్టనే లేదు. తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయింది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే! నా నోట్లో మట్టి కొట్టావు" అన్నాడు భర్త.

"తప్పయిపోయిందండీ. తిప్పేద్దామనే అనుకున్నా. ఇప్పుడా, ఇంకాసేపట్లోనా అని చూస్తూ చూస్తూ..."

"ఏంటి ఇంకాసేపట్లో?"

ఆమె సంచి పట్టీని మళ్ళీ వేలికి చుట్టుకుంది. భర్త లేవబోయి, నడుం పట్టుకుని కూలబడ్డాడు. చెయ్యి అందించింది. అతను అందుకోలేదు.

ఇంత జరుగుతున్నా కోచ్ మాత్రం ఒక్క మాటా అనలేదు. వచ్చినప్పటి హుషారు ఏమైపోయిందో, పెన్‌డ్రైవ్ మూత తీస్తూ, పెడుతూ తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

ఓనరు ఫోన్ తీశాడు. ఆ ఇంకో కుర్రాడి నంబరు మీద వేలు పెట్టి, భార్యాభర్తల మొహాలు చూసి ఆగాడు.

"ఒక పని చేద్దాం. సీజన్ వీళ్ళకే ఇస్తాను కానీ, కోచ్‌గారూ, మీరో సాయం చెయ్యాలి. ఆ పిచ్చుకని కాస్త తక్కువ ఆడించండి. లేకపోతే ఈవిడ కెమెరా బంతివైపు తిరిగేలా లేదు!"

కోచ్ తలెత్తకుండానే అన్నాడు:

"ఇంకా తక్కువ ఏముందండీ, ఆ పాపని అసలు బెంచీ మీద నుంచి లేపనే లేదు నేను."