మెడదాకా నీళ్ళు

బాత్రూంలో పంపు తిప్పిన చప్పుడైంది. వంటింట్లో ఉన్న ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి.

చేతిలో గరిటె అక్కడే పడేసి పరుగెత్తింది. బాత్రూం తలుపు దగ్గరికి వేసి ఉంది. గడియ లేదు. ఇంట్లో తలుపులన్నిటికీ గడియలు పోయినవారం ఆమే స్క్రూడ్రైవర్‌తో ఊడబీకింది. తోసి చూస్తే, ఏడేళ్ళ కూతురు తువ్వాలు చుట్టుకుని గోడకి అంటుకుపోయి నిలబడి ఉంది. బకెట్లో నీళ్ళు జానెడు కూడా లేవు.

“అమ్మా, ఇవి మెడదాకా వస్తాయా?” అంది పిల్ల.

ఆమె పంపు కట్టేసి, పిల్లను ఎత్తుకుని బయటికి వచ్చేసింది. ఆ పూటా స్నానం లేదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి బడికి తయారు చేసింది.

భర్త ఇదంతా గుమ్మంలోంచి చూశాడు. మంచివాడే. గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచాడు.

“నీ సంగతి సరే, దానికెందుకీ బాధ? అదెప్పుడైనా చూసిందా ఆ గోదాము? నువ్వు నిద్రలో గోదాము, గోదాము అని కలవరిస్తుంటే విని బిగుసుకుపోతోంది.”

“నేనేమన్నా కావాలని చేస్తున్నానా?”

“కాదు. అందుకే నెల రోజుల్నుంచీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమని మొత్తుకుంటున్నాను. ఇవాళ కూడా వెళ్ళకపోతే సాయంత్రం పిల్లని మా అక్క వాళ్ళింట్లో దింపేస్తాను. నువ్వు బాగుపడ్డాకే తెచ్చుకుందాం.”

ఆమె కూతుర్ని వదిలి ఒక్క రాత్రైనా ఉన్న మనిషి కాదు. పోనీ పోట్లాడదామా అంటే, అతనన్న దాంట్లో తప్పు లేదు. చెప్పులేసుకుని బయల్దేరింది.

దారిలో రోడ్డు గుంటలో నీళ్ళు నిలిచి ఉంటే, వీధి చివరిదాకా వెళ్ళి చుట్టూ తిరిగి వచ్చింది. ఆ గుంటలో బొటనవేలు కూడా మునగదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలిస్తే మాత్రం కాళ్ళు వినాలిగా!

డాక్టరమ్మ పెద్దావిడ. తెల్లజుట్టు, ముక్కు మీదికి జారిపోయే కళ్ళజోడు. ఆమెని చూడగానే లేచి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. గడియ మాత్రం పెట్టలేదు.

“వచ్చావా తల్లీ! నెలకోసారి తప్పకుండా రమ్మన్నానా? ఎప్పుడు ఫోన్ చేసినా బాగానే ఉన్నానన్నావు. ఇదేనా బాగుండటం?”

ఆమె తల దించుకుంది. బాగానే ఉన్నాననుకుంది మరి.

“పిల్లని తీసుకెళ్ళిపోతానంటున్నారు మేడమ్. సాయంత్రమే.” ఆ మాట పూర్తయ్యేలోపే ఏడుపొచ్చేసింది.

డాక్టరమ్మ ఏడవనిచ్చింది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది.

“నిద్ర?”

“లేదు.”

“పనిలోకి వెళ్తున్నావా?”

“సెలవు పెట్టాను. పదిరోజులైంది.”

“సరే. కాళ్ళు నేలకి ఆనించు. కళ్ళు మూసుకో. భయం పదికి ఎంత?”

“తొమ్మిది.”

ఈ ప్రశ్నలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. దేని తర్వాత ఏదొస్తుందో కూడా చెప్పగలదు. అయినా నోరు పిడచకట్టుకుపోయింది.

“ఎక్కడున్నావు?”

“చెప్పుల షాపు కింద గోదాములో.”

“ఏం కనిపిస్తోంది?”

“అట్టపెట్టెలు. నీళ్ళ మీద తేలుతున్నాయి. ట్యూబులైటు ఆరుతూ వెలుగుతోంది. ఎర్ర చెప్పొకటి, చిన్నపిల్లలది, భుజానికి తగిలింది.”

“నీళ్ళు ఎంతదాకా?”

“నడుందాకా. కాదు, ఇంకా పైకొస్తున్నాయి. వీధిలో పెద్ద గొట్టం పగిలింది.”

“తలుపు?”

“ఇనప తలుపు. లోపలికి తెరుచుకునేది. నీళ్ళు నొక్కేస్తున్నాయి. ఎంత లాగినా రావట్లేదు.”

ఆ పొడి గదిలో, కుర్చీలో కూర్చుని ఉండగానే ఆమె గడ్డం పైకెత్తింది. ఊపిరి కోసం నోరు తెరిచింది. చచ్చిపోతున్నానని అనిపించింది. పోతే రేపు పిల్లకి జడెవరు వేస్తారని కూడా అనిపించింది.

“పారిపోకు. నేనిక్కడే ఉన్నాను,” అంది డాక్టరమ్మ. అదే గొంతుతో అడిగింది. “ఆ గోదాముకి కిటికీ ఎటువైపుంది?”

ఆమె వెతికింది. ట్యూబులైటు కనిపించింది. పెట్టెల మీద వేసిన అంకెలు కనిపించాయి. కిటికీ ఎక్కడా దొరకలేదు.

“తెలీదు.”

“ఎడమవైపా, కుడివైపా? అసలుందా?”

“తెలీదు మేడమ్.”

“పోనీ, కింద నేల ఎలా ఉంది? గచ్చా, బండలా?”

ఆమె పాదాలు నేల కోసం తడుముకున్నాయి. ఏమీ తగల్లేదు.

“గంటన్నర అందులో నిలబడ్డ మనిషికి కాళ్ళ కింద ఏముందో తెలీదంటావా?” అంది డాక్టరమ్మ.

ఆమె కళ్ళు తెరిచింది. ఎదురుగా డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, తొందరేం లేదన్నట్టు చూస్తోంది.

ఆ గోదాములో చిక్కుకుని బతికి బయటపడ్డ అమ్మాయి పదకొండు వారాలపాటు ఆమె పనిచేసే క్లినిక్‌లో ఆమె ఎదురుగా కూర్చుని అంతా పూసగుచ్చినట్టు చెప్పింది గాని, థెరపిస్టుగా ఆమె ఈ రెండు ప్రశ్నలూ ఆ అమ్మాయిని అడగనేలేదు.