ఇలాంటి ఫోన్లు నమ్మకండి

"దయచేసి ఫోను పెట్టేయకండి, అమ్మా" అన్నాడు అవతలి మనిషి.

రిసెప్షనిస్టు వెంటనే జాగ్రత్త పడింది.

ఆమె పనిచేసే కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేరే చాలా ఊళ్ళలో మంచినీళ్ళ పంపులను నడుపుతుంది. అది ఆగితే ఊళ్ళకు ఊళ్ళు గొంతు తడుపుకోలేవు. పరాయి ప్రభుత్వాలు హ్యాకర్లను జీతాలిచ్చి మరీ ఉసిగొల్పుతున్నాయని ఈమధ్యే స్టాఫందరికీ ట్రైనింగు ఇచ్చారు.

పేరు చెప్పనివాణ్ణి, భయపెట్టేవాణ్ణి, తొందరపెట్టేవాణ్ణి నమ్మొద్దు. ఆ పాఠం ఆమెకు కంఠతా వచ్చు.

"మీ పేరండీ?"

"చెప్పలేను."

"ఎక్కణ్ణుంచి?"

"అదియును చెప్పలేను. సోమవారం మీరు పంపుల కొరకు కొత్త అప్‌డేట్ పంపుచున్నారు. దయచేసి పంపవద్దు. అందులో మీది కానిది చేరి ఉన్నది. పంపిన యెడల నీరు ఆగిపోవును."

ఎవరో పుస్తకం దగ్గర పెట్టుకుని భాష నేర్చుకున్నట్టుంది. ఆమెకు నవ్వొచ్చింది.

"ఎవరు చేర్చారో?"



"దయచేసి త్వరపడండి" అన్నాడు ఆ ప్రశ్న దాటేస్తూ.

అన్ని లక్షణాలూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. ఆమె టక్కున ఫోను పెట్టేసి, సైబర్ భద్రత చూసే ఇన్‌చార్జికి చెప్పింది.

"శభాష్ తల్లీ! నా ట్రైనింగు వృథా పోలేదు" అని ఆయన మురిసిపోయాడు.

"ఎందుకైనా మంచిది, ఆ అప్‌డేట్ ఒకసారి చూస్తే పోలా సార్?"

"చూశాంలేమ్మా. స్కానింగులో ఏ తేడా లేదు. మనం కంగారుపడి అన్నీ విప్పదీయాలన్నదే ఈ హ్యాకర్ల ఎత్తు."

మధ్యాహ్నం మీటింగులో ఆ కాల్ రికార్డింగు వినిపించాడు. 'పంపుచున్నారు' దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. ఆ మనిషికి 'దయచేసిగారు' అని పేరు కూడా పెట్టేశారు.

ఇన్‌చార్జి అంతటితో ఊరుకోలేదు. ఆ గొంతుకు ఆమె ఫోటో జతచేసి, 'ఇలాంటి ఫోన్లు నమ్మకండి' అంటూ కంపెనీ పేజీలో వీడియో పెట్టించాడు. జనం తెగ చూశారు. ఆమె అత్తగారైతే "మా కోడలే" అని చుట్టాలందరికీ పంపింది.

మళ్ళీ ఫోను మోగింది.

"నా గొంతు అందరికీ వినిపించితిరి" అన్నాడు దయచేసిగారు.

అందులో కోపం లేదు. అలసట ఉంది.

"వినిపించాం. సిగ్గుంటే ఇంక చేయకండి."

"ఇంక చేయలేనమ్మా. సోమవారం మాత్రం దయచేసి..."

ఆమె లైను కట్ చేసింది. ఎందుకో ఆ పూట పని మీద మనసు నిలవలేదు.

సోమవారం పొద్దున అప్‌డేట్ వెళ్ళింది.

మధ్యాహ్నానికల్లా పంపులు ఒక్కో ఊళ్ళో ఆగిపోతూ వచ్చాయి. కంప్యూటర్ల ముందు ఎవరేం నొక్కినా ఫలితం లేదు. నేరుగా మోటార్ల దగ్గరే నడిపిద్దామని ఇంజనీర్లు పరుగెత్తారు. చాలాచోట్ల అప్పటికే మోటార్లు కాలిపోయాయి. ఆసుపత్రుల్లో ఆపరేషన్లు ఆపేశారు.

"ఏమ్మా, కుళాయిలో చుక్క లేదు. మీవాళ్ళేగా, కాస్త చెప్పి వదిలించు" అంటూ అత్తగారు ఫోన్ చేసింది.

"చూస్తానత్తయ్యా" అని ఆమె పెట్టేసింది.

ఇన్‌చార్జి తల పట్టుకుని కూర్చున్నాడు. ట్రైనింగులో అన్నిటికీ జవాబు చెప్పిన మనిషి, ఇప్పుడు అడిగినవాళ్ళకల్లా తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఆయన మళ్ళీ ఫోన్ చేస్తే బావుణ్ణు. లోపల ఏం పెట్టారో తెలిసినవాడికి ఎలా తీయాలో కూడా తెలిసే ఉంటుంది" అన్నాడు.

ఆ నంబరుకు చేసి చూశారు. అలాంటి నంబరే లేదంది.

ఆమె కుర్చీ వదల్లేదు. ఫోను మోగడమే ఆలస్యం, లాక్కుని "దయచేసిగారా?" అంటోంది. అవతల ఏ ఊరివాళ్ళో శాపనార్థాలు పెడుతున్నారు. అవన్నీ వింటోంది. ఏం చేయాలో తోచక, మళ్ళీ మోగితే మళ్ళీ ఎత్తుతోంది.

మర్నాడు ప్రభుత్వ సైబర్ విభాగం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆ రికార్డింగు పెట్టమంది. మొహంలో రంగు మారింది. మళ్ళీ పెట్టమంది.

"ఎవరు మేడమ్? మా పాత ఉద్యోగి ఎవరైనానా?" అని ఇన్‌చార్జి అడిగాడు.

"కాదు."

"ఎక్కడున్నారో చెప్పండమ్మా. కాళ్ళ మీద పడైనా సరే, నేను అడుగుతాను" అంది రిసెప్షనిస్టు. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఇక ఆగలేదు.

పెద్దావిడ ఆమె పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది చేసిన పరాయి సర్కారు ఆఫీసు ఒకటుంది. అందులో వాళ్ళ మాటలు చాన్నాళ్ళుగా చాటుగా వింటున్నాం. ఎవరి మీద గురిపెట్టారో మాకూ అందలేదు. గొంతులు మాత్రం గుర్తుపడతాం."

"అయితే?"

"మీ అప్‌డేట్‌లో దాన్ని దూర్చమని వాళ్ళు కూర్చోబెట్టింది ఈయన్నేనమ్మా. మీ వీడియో వాళ్ళ కంట పడ్డాక ఆ ఆఫీసులో ఈ గొంతు వినిపించడం లేదు."