ఎండిపోయిన ఇంకు ప్యాడు

"అర్జీ తీసుకున్నానుగా, ఇక వెళ్లండి!" మునిసిపల్ గుమస్తా విసుక్కున్నాడు.

కౌంటరు దగ్గర పదో తరగతి పిల్లలు కదల్లేదు. అందరికంటే ముందున్నది ఆయన కూతురే.

"రసీదు ముద్ర వేయండి సార్."

"సారేంటే? ఇంటికి రా, చెప్తా నీ సంగతి."

"బడి ముందు స్పీడ్ బ్రేకర్ లేక మా క్లాసమ్మాయి కాలు విరిగింది. రెండొందల మందిమి సంతకాలు పెట్టాం. ముద్ర పడితే నెలలోగా జవాబివ్వాలి. పడకపోతే చెత్తబుట్టకే."

వెనక క్యూ గొణుగుతోంది. గుమస్తా చెమట తుడుచుకున్నాడు. "ఇంకు ప్యాడు ఎండిపోయింది."

కూతురు సంచిలోంచి కొత్త ప్యాడు తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇవన్నీ నీకెవరు నూరిపోశారే?"

"నువ్వే నాన్నా." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "అన్నం తింటూ అమ్మకి చెప్పి నవ్వుతావుగా, అందరినీ ఇలాగే పంపేస్తానని."

ఆయన తలెత్తలేదు. ముద్ర కొట్టాడు. తేదీ సరిగా పడలేదని తనే మళ్లీ కొట్టాడు.