గుమ్మంలో కొరికి చూసిన గింజ

వరిచేను గట్టులో ఒక ముసలి ఎలుక ఉండేది. ముసురు రోజులకని గింజలు దాచుకునేది. ఏ గింజనైనా గుమ్మంలోనే కొరికి చూసేది. టక్కుమంటే లోపలికి, మెత్తగా దిగితే బయటికి.

పక్క బొరియలో ఉండే చుంచుగాడు అది చూసి నవ్వాడు.

"ఏం పెద్దమ్మా, గింజలకి పెళ్లిచూపులా?"

ముసలిది ఇంకో గింజ కొరికి చూసింది. ఆ మాట మాత్రం మనసులో పెట్టుకుంది.

చుంచుగాడికి అంత ఓపిక లేదు. తడిదో పొడిదో, దొరికిందల్లా లోపలికి తోసేశాడు. ముసురు పట్టేసరికి తడి గింజలు వేడెక్కి, బూజు పట్టి, పక్కనున్న మంచి గింజల్ని కూడా పాడుచేశాయి. వాన వెలిసిన పొద్దున వాడు తడి ఒంటితో ముసలిదాని గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఆకలేస్తోంది."

"పెడతాను, అక్కడే ఆగు." ముసలిది వాణ్ణి తోక నుంచి మీసాల దాకా చూసింది. వెనక్కి తిరగమంది. చెవులు వాసన చూసింది. "ఇవీ పెళ్లిచూపులేరా అబ్బాయ్. ఎండలో ఆరి రా."

ఆరి వచ్చాడు. ముసలిది గుప్పెడు గింజలు పోసింది. టక్కుటక్కుమని కొరుకుతూ ఇద్దరూ హాయిగా కూర్చున్నారు. కడుపు నిండాక చుంచుగాడు దగ్గరికి జరిగాడు.

"గట్టు కింద ఉండే పీత నీ గురించి ఏమందో తెలుసా?"

ముసలిదానికి వినాలనే ఉంది. వింటే ఏడాదంతా మనసులోంచి పోదనీ తెలుసు.

"ఆ మాట తడి గింజ నాయనా. బయట వదిలేసి రా, ఇంకో గుప్పెడు పెడతాను."

చుంచుగాడు బయటికెళ్లి, కాసేపు నిలబడి, నోరు తుడుచుకుని లోపలికొచ్చాడు.