పెళ్లికొడుకు తల్లి

పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఆటో ఆగిపోయింది. ముహూర్తానికి ఇంకా అరగంటే ఉంది.

“దారి లేదుగా. వెనక్కి తిప్పు నాయనా, అమీర్‌పేట ఇంటికి పోదాం,” అంది సీతామహాలక్ష్మి, ఇదే అదనుగా.

“తిప్పొద్దన్నా,” అంది పక్కనున్న అనుపమ.

“గీ జామ్‌ల తిప్పుడు సుత కాదమ్మా,” నవ్వాడు డ్రైవరు.

సీతామహాలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. కొడుకుతో మాట్లాడి ఏడాదైంది. ఈ పెళ్లికి రానని తెగేసి చెప్పింది కూడా. అయినా తెల్లారేసరికి పట్టుచీర ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది అనుపమ. మోకాళ్లకు నూనె రాసింది. చంటిపిల్లను బడికి పంపినట్టు తయారుచేసి ఆటో ఎక్కించింది.

“వాడు చేసిన పనికి నేనెళ్లి అక్షింతలు వెయ్యాలా?”

“వంశీ కోసం కాదత్తయ్యా, దివ్యశ్రీ కోసం. నిన్న ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ‘అత్తగారు రారా అక్కా’ అని.”

“ఏడవనీ. నీకెందుకే అంత నొప్పి?”

“పీటల మీద కూర్చున్న పిల్ల తల దించుకోవాలా, పాపం?”

“వాళ్లు సుఖపడితే నువ్వేం బావుకుంటావు?”

“వాళ్లు ఏడిస్తే మాత్రం ఏం బావుకుంటాను?”

సీతామహాలక్ష్మికి చిరాకు మరింత పెరిగింది. తన కోపానికి వత్తాసు పలికే మనిషి ఒక్కరైనా ఉండొద్దూ! అందరికన్నా ముందు పలకాల్సిన అనుపమేమో నవ్వుతూ కూర్చుంది.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. “మస్తు కోడలమ్మా మీకు. మా ఇంట్ల కోడలైతే పిలిస్తే సుత పలకది.”

“నువ్వు రోడ్డు చూడు నాయనా!” కసిరిందామె.

ఎలాగో ఆటో కదిలింది. ఫంక్షన్ హాలు ముందు దిగేసరికి లోపల సన్నాయి మోగుతోంది. సీతామహాలక్ష్మి గేటు పట్టుకుని నిలబడిపోయింది.

“నువ్వు రాకపోతే నేనూ వెళ్లను.”

“నాకు ఆఫీసుందత్తయ్యా. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను. భోజనం కాగానే మాత్ర వేసుకోండి.” అనుపమ ఆమె కొంగు సర్ది, వీపు మీద చెయ్యి వేసి మెల్లగా లోపలికి నెట్టింది.

సీతామహాలక్ష్మి గొణుక్కుంటూ నాలుగడుగులు వేసిందో లేదో, వెనక డ్రైవరు గొంతు వినిపించింది.

“ఆఫీసేందమ్మా? మరిది పెండ్లికి సుత లీవు పెట్టవా?”

“మరిది కాదన్నా,” అంది అనుపమ మళ్లీ ఆటో ఎక్కుతూ, “కిందటేడు దాకా మా ఆయన.”