దర్జీ ఇంట్లో సాతాను

కుట్టు మిషను మీద దారం నాలుగోసారి టప్పున తెగింది. దర్జీ భార్య చక్రం మీద చెయ్యి పెట్టి, "సాతానా, యేసు నామంలో వెళ్ళిపో!" అంది.

దర్జీకి ఒళ్ళు మండిపోయింది. ఆమెని లేపి, తానే వంగి చూశాడు.

"సూది తిరగేసి బిగించావు తల్లీ! మధ్యలో వాడేం చేశాడు పాపం? పాలు పొంగితే వాడే, పిల్లకి జ్వరమొస్తే వాడే! కంటికి కనపడనివాడి మీద ఇంకా ఎన్ని తోస్తావు?"

ఆమె నుదుటి మీది కట్టు సర్దుకుంది.

"మొన్న నా మీదికి కత్తెర విసిరింది కూడా వాడేననుకున్నానండీ. మీరేననుకుంటే ఈ ఇంట్లో ఉండగలనా?"

సూది బిగిస్తున్న చెయ్యి ఆగిపోయింది. సాతాను నిజంగా ఉంటే బాగుండునని దర్జీకి మొదటిసారి అనిపించింది.